బీరువాలో అమ్మ గొంతు

మొన్నటి ఎంగిలిపూల బతుకమ్మ నాడు సిద్దిపేటలో మా అక్క అడిగింది: "అవ్వ పాటలు నీ దగ్గరున్నయిగదా తమ్మీ, పెట్టు, విందాం." అమ్మను మేము అవ్వ అనే పిలిచేవాళ్ళం. ధీమాగా మేడమీది గదికి వెళ్ళి బీరువా తెరిచాను. 2011లో ఆమె మూడు సాయంత్రాలు కూర్చుని పాడిన 17 పాటలు ఫోనులో రికార్డు చేసి, పెన్ డ్రైవులోకి ఎక్కించుకున్నాను. 2016లో ఆమె పోయాక దాన్ని ఆమె గొల్లభామ చీర మడతలో దాచాను. అంతకంటె భద్రమైన చోటు నాకు తోచలేదు.

పదమూడు తెరుచుకున్నాయి. రెండింటిలో గొంతు నడుమ తెగిపోయింది. రెండు అసలు తెరుచుకోలేదు. అక్క ఏమీ అనలేదు, తంగేడు పూలు దూస్తూ కూర్చుంది.

ఆ మౌనం భరించలేకనే ఈ విషయం చదవడం మొదలుపెట్టాను. ఫ్లాష్ మెమరీని జపానుకు చెందిన తోషిబా ఇంజనీరు ఫుజియో మసుఒకా 1984లో లోకానికి చూపాడు. ఒక్క దెబ్బతో మొత్తం చెరిపివేయడం కెమెరా ఫ్లాషును తలపించిందని ఆయన సహోద్యోగి ఆ పేరు సూచించాడట. దాచుకోవడానికి మనం నమ్ముకున్న వస్తువుకు పేరు వచ్చింది చెరపడం నుంచి!

లోపల జరిగేది ఇది. ఒక్కొక్క గదిలో కొన్ని ఎలక్ట్రానులను బంధించి, నానోమీటర్లలో కొలిచే పలుచని పొరను గోడగా పెడతారు. ఎంత ఆవేశం ఉందన్నదే అక్కడ రాసిన అక్షరం. కరెంటు లేకున్నా అది నిలుస్తుంది గాని, కాలం గడిచేకొద్దీ కొద్దికొద్దిగా కారిపోతుంది. వేడి ఆ కారడాన్ని త్వరపెడుతుంది. రాసి చెరిపిన ప్రతిసారీ గోడ కొంత దెబ్బతింటుంది. పైగా, చవకగా ఎక్కువ చోటు ఇవ్వాలని ఒకే గదిలో 8 లేదా 16 మెట్లు పెడుతున్నారు. మెట్ల నడుమ ఎడం తగ్గినకొద్దీ, కొద్దిపాటి కారుడుకే ఒక అంకె మరొకటిగా కనిపిస్తుంది. తప్పులు దిద్దే గణితం లోపల ఉంటుంది, దానికీ ఒక హద్దు ఉంది. ఇళ్ళలో వాడే ఎస్‌ఎస్‌డీలు తమ రాతల ఆయుష్షు పూర్తయ్యాక కూడా, కరెంటు లేకుండా 30 డిగ్రీల వద్ద ఒక సంవత్సరం సమాచారం నిలపాలన్నది జెడెక్ ప్రమాణం. కొత్తవి అంతకంటె చాలా ఎక్కువ కాలం నిలుపుతాయి.

నాది కొత్తది కాదు. బీరువా చేరకముందు అయిదేళ్ళు సినిమాలు మోసింది, రోజూ నింపి రోజూ చెరిపాను. ఆ పైన మేడ స్లాబు కింద ఇనుప బీరువా, నలభై దాటే మన మే నెల ఎండలు. ఏ పాపం ఎంతో విడదీసి చెప్పలేను. ఫోను కార్డులోని మొదటి ప్రతిని ఫొటోలకు చోటు చాలక చెరిపింది మాత్రం నేనే.

ఇదంతా తాళ్ళపాక వారి రాగిరేకుల వ్యవహారం అనుకున్నాను. అవి తిరుమల ఆలయంలో అరలో శతాబ్దాలు పడి ఉండి, 20వ శతాబ్దంలో మళ్ళీ వెలుగు చూశాయి. పెన్ డ్రైవు రాగిరేకు కాదు, తాటాకు. తాటాకుకు నూనె పూయాలి, శిథిలం కాకముందే కొత్త ఆకుల మీదికి ఎక్కించాలి. మన గ్రంథాలు చాలా వరకు అట్లాగే మన దాకా వచ్చాయి.

ఇప్పుడు దక్కినవి మూడు చోట్ల ఉన్నాయి, అందులో ఒకటి అయస్కాంతపు హార్డ్ డిస్కు. ఒక ప్రతి అక్క ఇంట్లో, చల్లని గదిలో. మామూలు పెన్ డ్రైవును ఊరికే కంప్యూటరుకు తగిలిస్తే చాలదు. ఏటా ఎంగిలిపూల నాడు ప్రతి పాటనూ చివరిదాకా చదివించి, చెక్‌సమ్ సరిచూసి, బయటికి తీసి, తిరిగి రాయాలని నియమం పెట్టుకున్నాను. ఆ డ్రైవు మీద మరేదీ ఎక్కించను. తెగిన రెండింటిలో ఒకటి, అయిదారుసార్లు ప్రయత్నించాక, పూర్తిగా చదివింది. ఆ రాత్రి అక్కకు ఫోను చేసి వినిపించాను.

తెరుచుకోని రెండింటిలో ఒకదానికి పాట పేరే పెట్టాను కనుక, అక్క గుర్తు తెచ్చుకుని పాడింది, రికార్డు చేశాను. రెండవదానికి నేను పెట్టిన పేరు '09' మాత్రమే. అవ్వకు వచ్చిన పాటలన్నీ వేళ్ళ మీద లెక్కపెడుతూ, దక్కినవాటిని తీసివేస్తూ, ఆ తొమ్మిదవది ఏదై ఉంటుందోనని అక్క ఇప్పటికీ అప్పుడప్పుడు ఫోను చేస్తుంది.