అమ్మీ అడిగిన హిసాబ్

2024 రంజాన్ ఈద్ అయిన నాలుగో రోజు ఫోనొచ్చింది. బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో గోడౌన్ల కంపెనీ, అకౌంట్స్ చూసే కొలువు, నెలకి 60 వేలు. కర్నూల్లో నేను చేస్తున్న ఏజెన్సీలో 32 వేలు. షీర్ ఖుర్మా గిన్నెలు ఇంకా అటకెక్కలేదు, మా ఇంట్లో రెండో ఈద్ మొదలైంది. మా బేగం అప్పుడే పాపకి కొత్త స్కూల్ బ్యాగు కొనేదాకా వెళ్లిపోయింది.

అమ్మీ మాత్రం తస్బీ పక్కన పెట్టి ఒక్కటే అడిగింది.

"సబ్ మిలాకే కిత్తా బచ్తా బేటా?"

అన్నీ పోను మిగిలేదెంత అని. పదిహేనేళ్లుగా పరాయివాళ్ల లెక్కలు రాసి బతుకుతున్నవాణ్ని, నా ఇంటి సవాలుకి నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రే పాప పాత నోట్‌బుక్కు ఒకటి తీసి, మిగిలిన తెల్ల కాగితాల మీద హిసాబ్ మొదలుపెట్టాను.

మొదటి దెబ్బ 60 వేల మీదే పడింది. అది కంపెనీ నా మీద పెట్టే మొత్తం ఖర్చు. అందులో వాళ్లు కట్టే పీఎఫ్ వాటా కూడా కలిపే చెప్తారు, నా వాటా ఎలాగూ కోస్తారు. చేతికొచ్చేది ఎంత అని ఫోన్ చేసి అడిగితే అవతల అమ్మాయి కాసేపు ఆగి, "55 దాకా సార్" అంది. ఇది ముందే అడగాలి భాయ్, సిగ్గుపడితే నష్టం మనకే.

తర్వాత ఇంటర్నెట్‌లో పడ్డాను. ఊళ్ల ఖర్చుల్ని పోల్చి చూపించే నంబియో లాంటివి ఉన్నాయి. అది న్యూయార్క్‌ని వంద అనుకుని మిగతా ఊళ్లని దాంతో తూస్తుంది. అంకెలు కూడా ఎక్కువగా చూసేవాళ్లు ఎక్కించినవే. కప్పు కపుచినో ఎంత, జిమ్ ఫీజు ఎంత అని ఉంటాయి. నా జిందగీలో న్యూయార్క్ ఎక్కడుంది, జిమ్ ఎక్కడుంది? మా ఇంట్లో కీమా ఎంత, గ్యాస్ బండ ఎన్నాళ్లొస్తుంది, జ్వరమొస్తే డాక్టర్ దగ్గరికి ఆటో ఎంత, ఇవి కదా ఖర్చంటే.

దానికన్నా సర్కారు లెక్క నయమనిపించింది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకి ఇంటి అద్దె భత్యం ఇవ్వడానికి ఊళ్లని మూడు దర్జాలు చేశారు. 50 లక్షల జనాభా దాటినవి ఎక్స్, 5 లక్షలు దాటినవి వై, మిగతావి జెడ్. ఏడో వేతన సంఘం తర్వాత మూల వేతనం మీద 24, 16, 8 శాతాలతో మొదలైంది. బెంగళూరు ఎక్స్, మా కర్నూలు జెడ్. అంటే కిరాయి మూడు రెట్లు ఉంటుందని సర్కారే ఒప్పుకుంటోంది. కానీ కర్నూల్లో నేను కట్టే కిరాయి సున్నా. పాతబస్తీలో దాదా కట్టిన ఇల్లు. సున్నాకి మూడు రెట్లు ఎంతని ఎవర్ని అడగను?

అందుకే సెలవు పెట్టి నాలుగు రోజులు బెంగళూరు పోయాను. బస్సులో ఏడు గంటలు, 360 కిలోమీటర్లు. శివాజీనగర్‌లో మామూ కొడుకు ఉంటాడు. టూరిస్టులా కాదు, అక్కడి మనిషిలా ఉండి చూద్దామని నియ్యత్. రోజూ ఆఫీసు టైముకే బయల్దేరి, ఆఫీసు వదిలే టైముకే తిరిగొచ్చాను. జేబులోంచి పోయిన ప్రతి రూపాయీ రాసుకున్నాను.

ముందు వైట్‌ఫీల్డ్ దగ్గర ఇల్లు వెతికాను. ఫోన్‌లో అంతా బాగానే మాట్లాడతారు. "ఫ్యామిలీయేనా? ఎంతమంది?" అని అడుగుతారు. పేరు చెప్పగానే గొంతు మారుతుంది. ఒకాయన "మా బిల్డింగ్‌లో అంతా వెజ్ అండీ" అన్నాడు. కింద మెట్ల దగ్గర కోడిగుడ్ల ట్రే నేను చూసే ఫోన్ చేశాను. ఇంకొకాయన ఇల్లు చూపించి, అడ్వాన్స్ మాట్లాడి, పేరు విన్నాక నిన్ననే ఎవరో ఖాయం చేసుకున్నారని గుర్తు తెచ్చుకున్నాడు. వైట్‌ఫీల్డ్‌లో అందరూ ఇలాగే ఉంటారని అనను. నాకు దొరికిన నాలుగు రోజుల్లో మాత్రం ఇల్లు దొరకలేదు.

శివాజీనగర్లో దొరికింది. రెండు గదులు, 17 వేలు. ఓనర్ హాజీసాబ్. పేరు అడగలేదు, ఏ ఊరని అడిగాడు. ఆయన కూడా మా లాగే "నక్కో", "హౌ" అనే మాట్లాడాడు, మనసు కుదుటపడింది. కానీ అక్కడినుంచి ఆఫీసుకి రోజూ పోయొచ్చే ఖర్చు, రెండున్నర గంటలు, ఇవి నా నోట్‌బుక్కులోకి వచ్చి కూర్చున్నాయి. నా పేరుక్కూడా కిరాయి ఉంటుందని అప్పుడు తెలిసింది. మెట్రో లేకపోతే అదీ కుదరదు. పర్పుల్ లైన్ 2023 అక్టోబర్లోనే వైట్‌ఫీల్డ్ దాకా పూర్తయింది, అల్హమ్దులిల్లాహ్.

17 వేలు కూడా 17 వేలు కాదు. మెయింటెనెన్స్ 2 వేలు. ఎండాకాలం బోరు ఎండితే ట్యాంకర్ డబ్బులు ఇంటింటికీ పంచుతారు. ఆ మార్చిలోనే బెంగళూర్లో నీళ్లకి ఎంత కటకట వచ్చిందంటే, ట్యాంకర్లకి సర్కారే రేటు కట్టింది. 5 కిలోమీటర్ల లోపు 12 వేల లీటర్లకి వెయ్యి రూపాయలు. తుంగభద్ర ఒడ్డున పుట్టినవాణ్ని. 2009 అక్టోబర్లో అదే నీళ్లు మా ఇంటి మొదటి అంతస్తు దాకా వచ్చి బీరువా, బియ్యం, అబ్బా షాదీ షేర్వానీ అన్నీ ముంచేసి పోయాయి. నీళ్లు కొనుక్కోవడం నా లెక్కలోకి ఎలా వస్తుంది!

ఆ వరదే నా లెక్క మార్చింది. అప్పుడు మా చేతిలో పైసా లేదు. వీధి చివరి శెట్టి మూడు నెలలు ఖాతా మీద సామాను ఇచ్చాడు, ఒక్కసారీ అడగలేదు. ఎదురింటి ఖాలా నెల్లాళ్లు రొట్టెలు పంపింది. బెంగళూర్లో అది పుట్టాలంటే ఇంకో పదిహేనేళ్లు పడుతుంది. దాన్ని ఏ గళ్లో రాయాలో తెలియక నోట్‌బుక్కులో ఒక పేజీ ఖాళీగా వదిలేశాను.

ఇన్సాఫ్‌గా చెప్పాలి, కొన్ని అక్కడే సస్తా. నందిని పాలు మా పాలకన్నా తక్కువ. 2023 జూన్ నుంచి కర్ణాటకలో ఆడవాళ్లకి సర్కారీ బస్సు ఉచితం. అయితే అది అక్కడి చిరునామా ఉన్నవాళ్లకే, బేగం ఆధార్ మార్చుకోవాలి.

తిరిగొచ్చి లెక్క వేశాను. చేతికి పెరిగేది 23 వేలు. కిరాయి, మెయింటెనెన్స్ 19 వేలు. నా స్కూటర్ పెట్రోల్ తీసేసినా రాకపోకలు 1,500 ఎక్కువ. పాప స్కూలు 2 వేలు ఎక్కువ. నెలకోసారి ముగ్గురం ఇంటికి రావడానికి 3 వేలు. అమ్మీ ఇల్లు వదలనంది, కాబట్టి రెండో వంటింటి ఖర్చు 4 వేలు. ఇక్కడిదాకా నేను రాసింది. బేగం చూసి పెన్ను లాక్కుంది.

"నా మిషన్ రాయలేదేం జీ?"

మొహల్లాలో జాకెట్లు కుట్టి తను నెలకి 4,500 దాకా తెస్తుంది. కొత్త ఊళ్లో ఆ గిరాకీ ఎన్నాళ్లకి దొరుకుతుంది? వాళ్ల చేతి సంపాదన మన లెక్కలో రాయకపోవడం నా ఒక్కడి అలవాటు కాదులెండి. అదీ కలిపితే 34 వేలు. 23 వేలు పెరిగి 34 వేలు తరిగింది.

దీనికి ముందు అడ్వాన్స్ ఉంది. బెంగళూరు రివాజు పది నెలలు, అంటే 1,70,000. 2021 నాటి నమూనా అద్దె చట్టం రెండు నెలలకి మించొద్దంటుంది. అది నమూనాయే కదా, ఏ రాష్ట్రానికా రాష్ట్రం చట్టం చేసుకోవాలి. హాజీసాబ్‌కి ఆ మాట చెప్తే నవ్వి చాయ్ పోశాడు. ఖాళీ చేసేటప్పుడు రంగులకని ఒక నెల కిరాయి కోత. కిరాయి లేకుండా ఎనిమిది, పది లక్షలు ఒకేసారి ఇచ్చి ఉండే లీజు పద్ధతి కూడా ఉందట. అది సూద్ అవుతుందా కాదా అని మామూ ఇంకా బహస్ చేస్తూనే ఉన్నాడు. నా దగ్గర అన్ని లక్షలు లేవు గనుక నాకా గునాహ్ భయం లేదు.

1,70,000 మా ఇంట్లో ఒక్క చోటే ఉంది. అబ్బా పోయినప్పటినుంచి అమ్మీ ఉమ్రా కోసం దాచుకున్నది. బ్యాంకులో వేసి, వడ్డీ ముట్టుకోకుండా, పైసా పైసా కలిపింది. నేను అడగలేదు. తనే అంది, "లేలే బేటా, వాపస్ ఆతా నా?"

వాపస్ వస్తుంది. కానీ అమ్మీకి 68. మోకాళ్లు ఇప్పుడే మెట్లు ఎక్కనివ్వడం లేదు. హాజీసాబ్ దగ్గర ఆ డబ్బు మూడేళ్లు కూర్చుంటే పైకం తగ్గదు. 71 ఏళ్ల మోకాళ్లతో తవాఫ్ చేయాల్సింది అమ్మీ.

ఆ డబ్బు వద్దన్నాను. నోట్‌బుక్కులో కొత్త పేజీ తిప్పి, నేనొక్కణ్నే పోతే ఎంతో రాశాను. మామూ కొడుకు గదిలో వాటా 6 వేలు, భోజనం 5 వేలు, రాకపోకలు 2,500, నెలకి రెండుసార్లు కర్నూలు 3,500. మొత్తం 17 వేలు. 23లో 17 పోతే మిగిలేది 6 వేలు. రాసి గీత గీశాను.

బేగం మళ్లీ పెన్ను తీసుకుంది. "నువ్వొచ్చేది శుక్రవారం రాత్రి. నువ్వు రాసింది మంగళవారం టికెట్." బస్సు రేటు కొట్టేసి 4,800 రాసింది. 6 వేలు 4,700 అయింది. నోట్‌బుక్కు తీసుకెళ్లి అమ్మీ ముందు పెట్టింది.

అమ్మీ కళ్లజోడు పెట్టుకుని ఆ అంకె చూసింది. "ఇత్తాచ్?" అంది.

హౌ అమ్మీ, ఇంతే అన్నాను. జూన్ 3, సోమవారం నాడు డ్యూటీలో చేరాను. అమ్మీ పాస్‌పోర్ట్ ఫారం ఆ ముందు శనివారమే నింపాం.