మందూ, విరుగుడూ

తెలుగులో ‘మందు’ అనే మాటకున్న అర్థాలు చెప్పేటప్పుడు క్లాసులో ఎప్పుడూ నవ్వులే. రోగం కుదిర్చేదీ మందే, పైరు మీద కొట్టేదీ మందే, తుపాకిలో కూరేదీ మందే, సాయంత్రం సీసాలోంచి వంచుకునేదీ మందే. అప్పులపాలైన రైతు తాగి చచ్చిపోయేదీ అదే. ఆ చివరి అర్థం దగ్గర నవ్వులు ఆగిపోతాయి; నేను గబగబా తర్వాతి మాటకు వెళ్లిపోతాను. ఈ మాట మీద నాకు సొంత బాకీ ఒకటి ఉన్నదని ఇరవై ఏళ్లకు పైగా ఎవరికీ చెప్పలేదు. చివరకు చెప్పవలసివచ్చింది ఎక్కడంటే, ఆస్ట్రేలియాలో.

మా అక్కా బావా విక్టోరియా రాష్ట్రంలో, తూర్పున గిప్స్‌లాండ్ అనే ప్రాంతంలో ఒక చిన్న ఊళ్లో ఉంటారు. బావ అక్కడ డాక్టరు. వేసవి సెలవులకు వెళ్లాను. మనకు మే నెల ఎండలు, వాళ్లకు చలి మొదలు. ఊరి బయట ఒక గేటుకు కట్టిన బోర్డు చూశాను: ఈ నేలలో 1080 పెట్టి ఉన్నది, జాగ్రత్త అని. అదేదో రోడ్డు నంబరు కాబోలు అనుకున్నాను. పక్కనున్న మేనకోడలు, “విషం మావయ్యా,” అన్నది.

అసలు పేరు సోడియం ఫ్లోరో అసిటేట్. రంగూ వాసనా లేని ఉప్పులాంటి పొడి. జీవకణం తిండిని శక్తిగా మార్చుకునే పనిని నడిమధ్యలో ఆపేస్తుంది. విరుగుడు లేదు. కుక్కజాతికి అతి కొద్ది చాలు. ఆ చావు మూర్ఛలతో, గంటల తరబడి వస్తుంది. 1950ల నుంచి ఆ దేశంలో వాడుతున్నారు. మొదట కుందేళ్ల మీద, తర్వాత యూరపు నుంచి వచ్చిన ఎర్రనక్కల మీదా, డింగోల మీదా. మాంసపు ముక్కల్లో పెట్టి మట్టిలో పాతుతారు, మారుమూల నేలల్లోనైతే విమానాల నుంచి జారవిడుస్తారు.

ఆ గేటు యజమాని బావ దగ్గరకు వచ్చే రోగే. డెబ్భై దాటినవాడు, గొర్రెలు తప్ప మరో బతుకు ఎరగనివాడు. ఒక రాత్రి భోజనానికి వచ్చాడు. మేనకోడలు మెల్‌బోర్న్‌లో జీవశాస్త్రం చదువుతున్నది. ఇంకేం, వాదన రాజుకున్నది.

ముసలాయన గొంతు పెంచలేదు. తెల్లవారుజామున మందలోకి వెళితే, పేగులు బయటపడి ఇంకా ఊపిరి తీస్తున్న గొర్రెలు కనిపిస్తాయన్నాడు. చచ్చినవాటి కంటె చావనివాటిని చూడటం కష్టం, తుపాకీ పట్టుకుని ఒక్కొక్కదాని దగ్గరకూ నేనే వెళ్లాలి గదా అన్నాడు. బ్యాంకుకు తెల్లవారదు, నాకే తెల్లవారుతుంది అని కూడా అన్నాడు. మేనకోడలు, ఆ మాంసపు ముక్క డింగో ఒక్కటే తింటుందా, మచ్చల క్వోల్ తినదా, దాని జాతి ఇంకెన్ని మిగిలాయి అని అడిగింది. క్వోల్ అంటే పిల్లి అంత ఉండే సంచిజాతి జంతువు. ఆ అడవుల్లో అంతరించిపోతున్నది. మీరు గొర్రె నొప్పిని లెక్కపెడతారు, కుక్క నొప్పిని లెక్కపెట్టరేం అన్నది.

ఇద్దరూ చెప్పింది నిజమే. అయితే వాళ్ల వాదనంతా ఒకే మాట చుట్టూ తిరుగుతున్నదని నాకు కొంత ఆలస్యంగా తట్టింది. మాటలు నా వృత్తి గనక. ముసలాయన డింగో అన్న మాట ఒక్కసారీ అనలేదు. “అడవి కుక్క” అన్నాడు. ప్రభుత్వ కాగితాల్లోనూ అంతే. ఊరకుక్కలతో కలిసి సంకరమైపోయిన జంతువులని ఆ పేరుకు అర్థం. తీరా 2023లో వెలువడ్డ జన్యు పరిశోధన, వాటిలో అత్యధిక భాగం సంకరం లేని డింగోలేనని చూపింది. డింగో ఆ ఖండానికి కనీసం 3,500 ఏళ్ల పాత కాపు. గొర్రెకు అక్కడ రెండున్నర శతాబ్దాలైనా నిండలేదు. విక్టోరియా చట్టం 2008లో డింగోను ప్రమాదంలో ఉన్న జాతిగా గుర్తించింది. ప్రైవేటు భూముల సరిహద్దు నుంచి 3 కిలోమీటర్ల లోపున ఆ రక్షణ వర్తించదని తర్వాత ఆజ్ఞ వచ్చింది. కనిపించని గీత దాటితే అదే జంతువు చీడ. 2024లో వాయవ్య విక్టోరియాలో, మిగిలినవి 40 మాత్రమే కావచ్చునని తేలాక, ఆ మినహాయింపును ఎత్తివేశారు. తూర్పున కొనసాగించారు. తూర్పున గొర్రెలున్నాయి.

ఇక్కడ మనవంటివాళ్లం ఒక తప్పు చేస్తాం. ఉన్ని పెట్టుబడికి విషం ఆయుధం, కాబట్టి విషం చెడ్డది అని తేల్చేసి నిద్రపోతాం. పశ్చిమ ఆస్ట్రేలియా సంగతి చూడండి. అక్కడ గాస్ట్రోలోబియం అనే మొక్కల్లో ఈ విషం సహజంగానే ఉన్నది. వాటి మధ్య వేల తరాలు బతికిన అక్కడి జంతువులకు అది కొంత తట్టుకునే శక్తి వచ్చింది. యూరపు నక్కకు రాలేదు. 1996 నుంచి ఆ రాష్ట్రం పెద్ద ఎత్తున 1080తో నక్కల్ని చంపుతున్నది. చెదలు తిని బతికే నంబట్ అనే చిన్న జంతువు డ్రయాండ్రా అడవిలో నిలిచి ఉన్నదంటే అందులో ఆ విషానికీ వాటా ఉన్నది. మేనకోడలు దీన్ని ఒప్పుకోవటానికి ఇబ్బంది పడింది, ఒప్పుకున్నది. టాస్మేనియాలోనో, అదే 1080ని కలప తోటల మొలకలు మేస్తున్నాయని స్వదేశపు వాలబీల మీదనే వాడారు. ఒకచోట స్థానిక జంతువును కాపాడింది, ఒకచోట హతమార్చింది. కాబట్టి నేను అడిగేది విషం గుణం కాదు. చీడ ఎవరో రాసే కలం ఎవరి చేతిలో ఉన్నది?

గిప్స్‌లాండ్ గునాయ్‌కర్నాయ్ ప్రజల నేల. 1843లో వారిగల్ క్రీక్ దగ్గర వలసదారులు వాళ్లను మూకుమ్మడిగా కాల్చి చంపారు. వారిగల్ అనేది సిడ్నీ ప్రాంతపు ఆదివాసి భాషలో డింగోకు పేరు. దానికి ముందటి ఏడు, ఇప్పటి క్వీన్స్‌లాండ్‌లో ఉన్న కిల్‌కాయ్ దగ్గర, విషం కలిపిన పిండి తిని పదుల సంఖ్యలో ఆదివాసులు చచ్చిపోయారు. ఇది నేను ముసలాయన ముందు ఎత్తలేదు. ఆయన నేరం కాదది. కాపలా కుక్కలకూ మంచి కంచెకూ డబ్బు కావాలి, విషం చవక. ఉన్ని ధర ఆయన నిర్ణయించడు. ఆయన చేతిలో ఉన్నది ఆ మాంసపు ముక్క ఒక్కటే.

ఆయన వెళ్లాక మేనకోడలు మరో సంగతి చెప్పింది. 2021లో న్యూ సౌత్ వేల్స్‌లో ఎలుకల దండు పడితే, ఆ రాష్ట్రం బ్రోమడయోలోన్ వాడతామన్నది. చచ్చిన ఎలుకల్ని తినే పక్షులూ జంతువులూ పోతాయని అక్కడి నియంత్రణ సంస్థ అనుమతి ఇవ్వలేదు.

ఆ పేరు వినగానే నా చేతులు చల్లబడ్డాయి.

మాది కృష్ణా డెల్టాలో పల్లెటూరు. నాకు పన్నెండేళ్లప్పుడు ఊరంతా కలిసి ఎలుకల నిర్మూలన చేశారు. 96 పాళ్లు నూకలు, 2 పాళ్లు నూనె, 2 పాళ్లు బ్రోమడయోలోన్. కలిపింది నేను. లెక్కల్లో మంచివాడినని నాన్న నాకు అప్పగించాడు. బేసిన్ కడగకుండా పశువుల పాక దగ్గర వదిలేశాను. మా నల్లోడు దాన్ని నాకాడు. మొదటి రెండు రోజులు ఏమీ కాలేదు. తర్వాత చిగుళ్ల నుంచి రక్తం, ముక్కు నుంచి రక్తం. ఐదో రోజు పాక వెనక పడుకుని లేవలేదు.

నాన్న అడిగితే, యానాదయ్య ఏదో పెట్టాడన్నాను. ఆ మనిషికి ఒక పేరు ఉన్నది. మా ఇంట్లో ఎవరూ వాడలేదు. కుండలో గడ్డి రాజేసి కన్నాల్లోకి పొగ ఊది, ఎలుకకు ఇంత అని తీసుకుపోయేవాడు. మందు వచ్చాక అతని కూలి ఎలాగూ తగ్గింది, కడుపుమంట ఉంటుందిలే అని అందరూ నమ్మేశారు. నాన్న అతన్ని మళ్లీ పొలానికి పిలవలేదు.

“బ్రోమడయోలోన్‌కు విరుగుడుంది మావయ్యా, విటమిన్ కె,” అన్నది మేనకోడలు. ఐదు రోజుల వ్యవధి ఉన్నది మరి.

తిరిగొచ్చాక ఊరికి వెళ్లాను. పొలాలు చాలావరకు చేపల చెరువులైనాయి. అతను ఒక చెరువు గట్టు మీద కాపలా ఉంటున్నాడు. పక్కన కూర్చుని మొత్తం చెప్పాను. నల్లోడు గుర్తే అన్నాడు, మంచి కుక్క అన్నాడు. నా అబద్ధం సంగతి విననట్టే ఊరుకున్నాడు. తర్వాత ఆస్ట్రేలియా ఎలుకల దండు గురించి చెప్పమని అడిగి, శ్రద్ధగా విని,

“అక్కడ ఎలుకకు ఎంతిస్తారు బాబూ?” అన్నాడు.