విజయనగరంలో సిరిమాను వారం

విజయదశమి వెళ్లాక వచ్చే మంగళవారం విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. ముందురోజు తొలేళ్లు. ఆ రాత్రి పూజారి రైతులకు ధాన్యపు గింజలు పంచుతారు. వాటిని ఇంటి విత్తనాల్లో కలిపి చల్లితే పంట బాగుంటుందని నమ్మకం. నేను వెళ్లేసరికి మూడు లాంతర్ల కూడలి నిండిపోయింది. పల్లెల నుంచి వచ్చినవాళ్లు ఆ గింజల్ని కొంగుల్లో, జేబురుమాళ్లలో ముడి వేసుకుంటున్నారు.

మంగళవారం పొద్దున్నే కోట చూశాను. 1713లో, విజయ నామ సంవత్సరంలో, విజయదశమినాడు దీనికి శంకుస్థాపన జరిగిందంటారు. ఆ దగ్గర్లోనే మహారాజా సంగీత కళాశాల. 1919లో మొదలైన ఈ కళాశాలకు తొలి అధ్యక్షుడు ఆదిభట్ల నారాయణదాసు. ద్వారం వెంకటస్వామి నాయుడు వయొలిన్ నేర్పింది ఇక్కడే, ఘంటసాల చదువుకున్నదీ ఇక్కడే. ఉత్సవాల రోజుల్లో ఆనంద గజపతి ఆడిటోరియంలో కచేరీలూ నాటకాలూ పెడతారు. అవీ బాగుంటాయి కానీ, మధ్యాహ్నమయ్యేసరికి ఊరి చూపంతా మాను మీదే.

సిరిమాను అంటే దాదాపు అరవై అడుగుల చింతమాను. ఏ చెట్టో అమ్మవారే కలలో చెబుతుందని పూజారి మాట. చెక్కి, నునుపు చేసి, పసుపు పూసిన ఆ మానును బండి మీద ఇరుసుకు బిగిస్తారు. బారుగా పైకి లేచిన సన్నటి కొసన పీట. పూజారి విసనకర్ర పట్టుకుని అక్కడ కూర్చుంటారు. నేను బండికి పది అడుగుల దూరంలో ఉన్నాను. తాళ్లు లాగినప్పుడల్లా ఇరుసు కిర్రుమంటోంది, కింద చక్రం గోతిలో పడితే పైన కొస నాలుగడుగులు ఊగుతోంది. అన్ని వైపుల నుంచీ అరటిపళ్లు ఎగురుతున్నాయి. పక్కనున్న ముసలమ్మ నా చేతిలోనూ ఒకటి పెట్టి, "ఏటి బాబూ, సూత్తన్నావు? ఇసురు, అమ్మకి సేరతాది" అంది. విసిరాను.

మాను గుడి నుంచి కోటదాకా మూడుసార్లు వెళ్లివస్తుంది. దాని ముందు పాలధార, తెల్ల ఏనుగు, అంజలి రథం నడుస్తాయి. అంజలి రథం మీద ఆడవేషం వేసుకున్న మగవాళ్లు అక్షతలు చల్లుతూ పోతారు. నాకు అన్నిటికన్నా నచ్చింది బెస్తవారి వల. 1757 బొబ్బిలి యుద్ధంలో తన అన్న, విజయనగరం రాజు విజయరామరాజు చనిపోయాడని విని పైడితల్లి పెద్దచెరువులో కలిసిపోయిందనీ, అక్కణ్ణుంచి విగ్రహాన్ని పైకి తీసింది జాలర్లేననీ కథ. అందుకే ఊరేగింపులో వాళ్ల వలకు చోటు. రాజవంశం కోట బురుజు మీద, జాలరి వీధిలో, ఇద్దరికీ వాటా ఉన్న జాతర ఇది. వల అద్దాల పెట్టెలోకి వెళ్లలేదు, వంశాల చేతుల్లోనే ఉంది. జాతరంటే నాకు గౌరవం పెరిగింది ఇందుకే.

బుధవారం గురజాడ అప్పారావు ఇంటికి వెళ్లాను. కోటకు దగ్గరే, ఇప్పుడది స్మారక భవనం. ఆయన నాటకం 'కన్యాశుల్కం' 1892లో ఈ ఊళ్లోనే మొదటిసారి ఆడింది, 1897లో అచ్చయినప్పుడు మహారాజు ఆనంద గజపతికి అంకితమైంది. అందులో మధురవాణి, గిరీశం మాట్లాడింది ఈ వీధుల భాషే. అయినా నేనున్నంతసేపూ మరొక మనిషి లోపలికి రాలేదు. నిన్న లక్షలమంది నడిచిన దారి అక్కడికి ఎంతో దూరం లేదు.

నాకు బాధ కలిగింది. జాతర వారంలోనైనా ఆ ఇంట్లో రోజూ సాయంత్రం 'కన్యాశుల్కం' ఒక్కో అంకం చదివించాలి. చదివేవాళ్లు ఈ ఊరి బడిపిల్లలైతే యాస వాళ్ల నోట ఉన్నదే. అమ్మవారి తెప్పోత్సవం సిరిమాను తర్వాత వచ్చే మంగళవారం జరుగుతుంది కనుక మధ్యలో వారం రోజుల వ్యవధి ఉంది. ఏడు అంకాల నాటకానికి అది సరిగ్గా సరిపోతుంది.