కనిపించే డబ్బు, చేతికొచ్చే డబ్బు

షేర్లు అమ్మేశాం కదా, ఇక డబ్బు చేతికొచ్చినట్టే అనుకుంటాం. నేనూ అలాగే అనుకుని, మా అమ్మ పెట్టిన గాజులు తాకట్టు పెట్టాల్సి వచ్చింది. మీకు ఆ అవస్థ రాకూడదనే ఇది రాస్తున్నాను.

ఇంటి ఖర్చుల్లో మిగిల్చిన డబ్బుతో ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా షేర్లు కొని పెట్టుకున్నాను. కిందటేడు మా అమ్మాయి కాలేజీ ఫీజుకు 40 వేలు తక్కువయ్యాయి. శుక్రవారం ఆఖరి రోజు. "మీరేం కంగారు పడకండి, నా షేర్లు అమ్మేస్తాను, రేపు కట్టేద్దాం" అని మా వారికి ధీమాగా చెప్పాను. గురువారం పదకొండింటికి, కుక్కరు పొయ్యి మీద ఉండగానే, ఫోన్లో అమ్మేశాను. నిమిషంలో 42 వేలు ఖాతాలో కనిపించాయి. ఎంత సంబరపడ్డానో చెప్పలేను!

మధ్యాహ్నం ఆ డబ్బు బ్యాంకుకు పంపిద్దామని చూస్తే, తీసుకోగలిగిన మొత్తం సున్నా అని ఉంది. నా గుండె జారిపోయింది. బ్రోకరు ఆఫీసుకు ఫోన్ చేస్తే అక్కడి అబ్బాయి ఓపిగ్గా చెప్పాడు. "అమ్మా, ఈరోజు అమ్మినదానికి లెక్క తేలేది రేపు. ఆ తర్వాతే మీరు తీసుకోగలరు. కనిపించే డబ్బు వేరే షేర్లు కొనుక్కోవడానికి పనికొస్తుంది, అంతే."

ఆలోచిస్తే ఇది మనకు తెలియని సంగతేం కాదు. మా పుట్టిల్లు దామలచెరువు దగ్గర. మండీకి మామిడికాయ తోలిన రోజే మా నాన్న చేతికి డబ్బు వచ్చేదా? కాటా వేసి, లెక్క కట్టి, ఆ తర్వాతే కదా! షేర్లూ అంతే. మన షేర్లు కొన్నవాళ్లకు చేరాలి, వాళ్ల డబ్బు మనవైపు రావాలి. మధ్యలో క్లియరింగ్ కార్పొరేషన్ నిలబడి రెండు వైపులా పూచీ పడుతుంది. ఇదే సెటిల్‌మెంట్. 2003 నుంచి ఇది అమ్మిన తర్వాత రెండో పనిదినానికి జరిగేది. 2023 జనవరి 27 నుంచి అన్ని షేర్లకూ మర్నాటి పనిదినానికే జరుగుతోంది. అదే రోజు తేలే పద్ధతి కూడా 2024 మార్చిలో కొన్ని షేర్లకు మొదలైంది. కానీ అది ఇష్టమైనవాళ్లకే. మీ బ్రోకరు దగ్గర ఉందో లేదో అడగండి.

ఇంతకీ మా ఫీజు సంగతి. శుక్రవారం పొద్దున్నే గాజులు బ్యాంకులో పెట్టి కట్టేశాం. మా వారు ఒక్క మాట అనలేదు. అదే నాకు ఎక్కువ బాధ. అమ్మాయి నా బోసి చేతులు చూసి, "నా వల్లే కదమ్మా" అంది. "నీ వల్ల కాదే, నా లెక్క తప్పడం వల్ల" అన్నాను. డబ్బు శుక్రవారం రాత్రికి తేలింది. పంపమని కోరాను. మర్నాడు రెండో శనివారం, తర్వాత ఆదివారం. సోమవారం గానీ బ్యాంకులో పడలేదు. మంగళవారం గాజులు విడిపించుకున్నాను.

అందుకే చెబుతున్నాను. డబ్బు అవసరమైన రోజుకు కనీసం మూడు నాలుగు పనిదినాల ముందే అమ్మండి. శుక్రవారం అమ్మితే లెక్క తేలేది సోమవారమే. మధ్యలో సెలవొస్తే ఇంకా ఆలస్యం. మన పండగలన్నీ షేర్ల బజారుకు సెలవులు కావు, వాళ్ల సెలవుల్లో కొన్ని మనకుండవు. ఎక్స్చేంజీలు ఏటా ముందుగానే జాబితా ఇస్తాయి, చూసుకోండి. ఖాతాలో మొత్తం నిల్వ ఎంత అని కాదు, తీసుకోగలిగింది ఎంత అని చూడండి. అది చూశాకే ఇంట్లో మాట ఇవ్వండి.

పాలు తోడేసి, వెంటనే పెరుగు వడ్డిస్తానని ఎవరికైనా చెబుతామా? షేర్ల విషయంలో నేను చేసింది సరిగ్గా అదే.