బాపు గేమ్‌లో ఆరో పేరు

2024 దసరాకి ఊరెళ్లినప్పుడు అటక మీది సూట్‌కేస్ దింపాను. మాది జగిత్యాల దగ్గర పల్లె. ఆ సూట్‌కేస్ బాపు దుబాయ్ నుంచి తెచ్చుకున్నది. లోపల పాత పాస్‌పోర్టులు, వాటి కింద టవల్‌లో చుట్టిన గేమ్‌బాయ్ అడ్వాన్స్ ఎస్పీ, దానితో పాటు రెండు క్యాసెట్లు. వాటిని కార్ట్రిడ్జ్ అంటారని నాకు ఇంజినీరింగ్‌కి వచ్చాకే తెలిసింది. మా ఇంట్లో అవి ఎప్పుడూ క్యాసెట్లే. ఒకటి పోకెమాన్ సిల్వర్, ఇంకోటి పోకెమాన్ రూబీ.

ఈసారి ఊరికే చూసి మళ్లీ పెట్టేయడానికి దింపలేదు. హైదరాబాద్ నుంచి ఒక చిన్న పరికరం వెంట తెచ్చాను. అరచేతిలో పట్టేంత ఉంటుంది. ఒక వైపు క్యాసెట్ గుచ్చాలి, ఇంకో వైపు యూఎస్‌బీ కేబుల్ పెట్టి ల్యాప్‌టాప్‌కి కలపాలి. క్యాసెట్‌లో ఉన్నదంతా ఫైళ్లుగా కాపీ అయిపోతుంది. కొనాలని ఆరేళ్లుగా అనుకుంటూ, ఎట్టకేలకు కొన్నాను.

ముందు సిల్వర్ పెట్టి ఆన్ చేశాను. లోగో వచ్చింది, మ్యూజిక్ వచ్చింది. స్టార్ట్ నొక్కాను. మెనూలో పైన ఉండాల్సిన ‘కంటిన్యూ’ లేదు. ‘న్యూ గేమ్’ ఒక్కటే మెరుస్తోంది.

తీశాను, తుడిచాను, మళ్లీ పెట్టాను. నాలుగుసార్లు. అదే మెనూ.

అందులో ఏముండేదో చెప్పాలి. బాపు ఆ గేమ్‌బాయ్‌ని తనతో పనిచేసే ఒక ఫిలిప్పీన్స్ అతని దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. మా కోసమే కొన్నా, సెలవు దొరికి ఇంటికి రావడానికి చాలా నెలలు పట్టింది. ఈలోపు రాత్రిళ్లు రూంలో తనే ఆడాడు. పోకెమాన్‌లో మనం పట్టుకున్న ప్రతి జీవికీ పది అక్షరాల్లోపు ముద్దుపేరు పెట్టుకోవచ్చు. టీమ్‌లో ఒకేసారి ఆరు ఉంటాయి. బాపు వాటికి మా ఇంటి పేర్లు పెట్టాడు. మొదట తీసుకున్న దానికి అమ్మ పేరు. పిట్టకి అక్క పేరు. గుడ్డులోంచి పుట్టే టోగెపీకి ‘చిన్నోడు’, అంటే నేను. నిదానంగా కదిలే స్లోపోక్‌కి నాయనమ్మ పేరు. ఆవులా ఉండే మిల్టాంక్‌కి మా బర్రె పేరు, గౌరి!

2005లో సెలవుకి వచ్చినప్పుడు ఆ క్యాసెట్ ముట్టుకుంటే వీపు పగులుతుందన్నాడు. అందులో ఒక్కరి ఆటే సేవ్ అవుతుంది. మేం కొత్త ఆట మొదలుపెట్టి సేవ్ చేస్తే ఆయనది పోతుంది. అందుకే మా కోసం వేరేగా రూబీ తెచ్చాడు. అక్క, నేను దాని కోసం కొట్టుకునేవాళ్లం. గెలిచేది అక్కే.

2018లో ఒకసారి సిల్వర్ ఆన్ చేసి చూశాను. అప్పుడు ‘కంటిన్యూ’ ఉంది. టీమ్ మొత్తం చూసుకుని నవ్వుకున్నాను. జేబులో ఫోన్ ఉంది, అయినా ఒక్క ఫొటో తీయలేదు. ఎటూ పోదు కదా అనుకున్నాను.

ఎందుకు పోయిందో కొంచెం టెక్నికల్‌గా చెప్తా, బోర్ కొట్టదు. ఈ క్యాసెట్‌లో రెండు రకాల మెమరీ ఉంటుంది. ఆట ఉండేది ఒక చిప్‌లో. దానికి కరెంట్ అక్కర్లేదు, ఆపినా అలాగే ఉంటుంది. మనం ఆడింది సేవ్ అయ్యేది ఇంకో చిప్‌లో. దానికి ఎప్పుడూ కొంచెం కరెంట్ అందుతూ ఉండాలి. అందుకోసం లోపల రూపాయి బిళ్లలాంటి బ్యాటరీని అతికించి పెట్టారు. సిల్వర్‌లో వాడింది సీఆర్2025. పైగా ఈ గేమ్‌లో నిజమైన గడియారం కూడా ఉంది. బయట రాత్రయితే ఆటలోనూ రాత్రి. మనం ఆడినా ఆడకపోయినా ఆ గడియారం అదే బ్యాటరీని తింటూనే ఉంటుంది. సిల్వర్ జపాన్‌లో 1999లో, అమెరికాలో 2000లో వచ్చింది. అన్నేళ్ల బ్యాటరీ 2018 దాకా ఆగడమే ఎక్కువ.

అయినా పరికరంలో పెట్టి చదివించాను. ఆట ఫైల్ 2 ఎంబీ, చక్కగా వచ్చింది. ఇలాంటి ఫైళ్లని సరిచూసుకోవడానికి డిజిటల్ వేలిముద్రలు ఉంటాయి. పాత గేమ్స్‌ని భద్రపరిచేవాళ్లు వాటి లిస్టులు తయారు చేసి పెట్టారు. నా ఫైల్ వేలిముద్ర లిస్టులోదానితో అచ్చం సరిపోయింది. అంటే బాపు కొన్నది ఒరిజినలే, ఒక్క బిట్ కూడా చెడలేదు. కానీ అలాంటి కాపీలు లోకంలో ఎన్నో ఉన్నాయి. నాకు కావాల్సింది రెండో ఫైల్. దాని సైజు 32 కేబీ, పొద్దున్నే వాట్సాప్‌లో వచ్చే గుడ్ మార్నింగ్ ఫొటో కంటే చిన్నది. అందులో బాపు ఆట తాలూకు ఒక్క ముక్క కూడా మిగల్లేదు.

బతుకమ్మకి వచ్చిన అక్క పక్కనే కూర్చుంది. "నాది కూడా పోయిందా?" అని అడిగింది. రూబీ పెట్టాను. బ్యాటరీ అయిపోయిందని స్క్రీన్ మీద మెసేజ్ వచ్చింది. అక్క మొహం మాడిపోయింది. కానీ కింద ‘కంటిన్యూ’ ఉంది! రూబీలో సేవ్ అయ్యేది ఫ్లాష్ మెమరీలో. మన పెన్‌డ్రైవ్ లాంటిదే, కరెంట్ లేకపోయినా నిలుస్తుంది. బ్యాటరీ ఒక్క గడియారం కోసమే.

క్యాసెట్ కాంటాక్టుల్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన ఇయర్‌బడ్‌తో తుడిచాను. చిన్నప్పటిలా నోటితో ఊదలేదు, ఆ తేమకి కాంటాక్టులు తుప్పు పడతాయి. ఆట 16 ఎంబీ, సేవ్ 128 కేబీ. రెండుసార్లు చదివించి, రెండు కాపీలూ ఒకేలా ఉన్నాయో లేదో చూసుకున్నాను. ల్యాప్‌టాప్‌లో తెరిస్తే అక్క పదమూడేళ్ల వయసులో ఆపిన చోటే ఆట నిలబడి ఉంది.

"ఇది పైరసీ కాదా?" అని అక్కకి డౌట్ వచ్చింది. మన కాపీరైట్ చట్టం, 1957లో సెక్షన్ 52 ఉంది. చట్టబద్ధంగా మన దగ్గరున్న కంప్యూటర్ ప్రోగ్రామ్ పాడైపోకుండా, పోకుండా బ్యాకప్ కాపీ చేసుకోవచ్చని అందులో ఉంది. ఆ కాపీని పదిమందికి పంచితే అది వేరే కథ. అక్క సేవ్‌ని అక్కకి పంపాను. అంతే.

ఇదంతా చిన్నపిల్లల ఆటల గురించి అనవసరపు హడావిడి అనిపించొచ్చు. కానీ 2023లో వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ వాళ్లు ఒక అధ్యయనం చేశారు. అమెరికాలో 2010కి ముందు విడుదలైన క్లాసిక్ గేమ్స్‌లో 87 శాతం ఇప్పుడు మార్కెట్లో దొరకడం లేదని తేల్చారు. సిల్వర్‌నే 2017లో నింటెండో 3డీఎస్ ఆన్‌లైన్ స్టోర్‌లో మళ్లీ అమ్మారు. 2023 మార్చిలో ఆ స్టోర్‌లో అమ్మకాలు ఆగిపోయాయి. ఆటలకే దిక్కు లేనప్పుడు, ఆడినవాళ్ల సేవ్‌ల గురించి ఎవరు పట్టించుకుంటారు? వాటిని దాచేందుకు మ్యూజియం ఉండదు. ఎవరి ఇంటిది వాళ్లే దాచుకోవాలి.

రాత్రి భోజనాలయ్యాక బాపుకి చెప్పాను. ఆయనేం బాధపడలేదు. "ఇన్నేండ్లు ఉన్నదే ఎక్కువ" అన్నాడు. మేమిద్దరం టీమ్‌ని గుర్తుచేసుకుంటూ వేళ్ల మీద లెక్కపెట్టాం. అమ్మ, అక్క, నేను, నాయనమ్మ, గౌరి. ఐదయ్యాయి. ఆరోది నాకు గుర్తు రాలేదు. 2018లో చూశాను, కానీ అది మా ఇంట్లోవాళ్ల పేరు కాదు, అందుకే మనసుకి ఎక్కలేదు.

"ఆరోది నీళ్లల్ల ఉండేది రా. గుహల దొరికింది, శుక్రవారం" అన్నాడు బాపు.

లాప్రస్! సిల్వర్‌లో అది యూనియన్ కేవ్ అనే గుహలో శుక్రవారం మాత్రమే కనిపిస్తుంది. బాపుకి డ్యూటీ లేని రోజు కూడా శుక్రవారమే. బ్యాటరీని తినేసిన ఆ గడియారమే ఆయనకి లాప్రస్‌ని చూపించింది.

"దానికేం పేరు పెట్టినవ్ బాపూ?"

"రూంల ఒకాయన ఉండె. సిరిసిల్ల దిక్కు. మూడేండ్లు ఇంటికి పోలే. కంపెనోళ్లు పాస్‌పోర్టు ఇయ్యలే. దాని మీద ఎక్కి నీళ్లు దాటొచ్చు గదా, ఆయన పేరే పెట్టిన. నువ్విట్లన్న సముద్రం దాటు అంటే మస్తు నవ్విండు."

"ఆయన పేరేంది?"

బాపు చాలాసేపు ఆలోచించాడు. "నోట్లనే ఉన్నది రా. వస్తలేదు."

ఆయన తర్వాత ఇంటికి చేరాడో లేదో బాపుకి తెలియదు. ఫోన్ నంబర్ లేదు, ఫొటో లేదు. మా దగ్గర ఆ పేరు రాసి ఉన్న చోటు ఒక్కటే, ఆ 32 కేబీ.

మీ ఇంట్లో కూడా ఇలాంటి క్యాసెట్ ఉంటే ఈ వారమే ఆన్ చేసి చూడండి. ‘కంటిన్యూ’ కనిపిస్తే ముందు ఫోన్‌తో ఫొటోలు తీయండి. తర్వాత సేవ్‌ని కాపీ చేయించండి. బ్యాటరీ మార్చే పని ఆ తర్వాతే. గేమ్‌బాయ్ కాలం క్యాసెట్లలో పాత బ్యాటరీ పీకగానే సేవ్ కూడా పోతుంది. కొత్త బ్యాటరీ వేశాక దాచిన ఫైల్‌ని మళ్లీ క్యాసెట్‌లోకి ఎక్కించుకోవచ్చు.

నేను హైదరాబాద్ తిరిగొచ్చాక బాపు అప్పుడప్పుడు ఫోన్ చేస్తున్నాడు. బాగోగులు అడగడం కూడా మర్చిపోయి ముందు ఒక పేరు చెప్తాడు. కాసేపు ఆగి, "ఇది కాదు గని, గిట్లనే ఉంటది" అని పెట్టేస్తాడు.