మడకర్ర కొలిచిన వంటిల్లు

ఫ్రిజ్ కొనేముందు ఎవరైనా ఏం చూస్తారు? ఎన్ని లీటర్లు, ఎన్ని స్టార్లు, ఏ రంగు... లామూలో పాత ఇంటివాళ్లు మాత్రం ముందు మెట్ల వెడల్పు కొలుచుకోవాలి. ఎందుకంటే అక్కడి వంటిల్లు ఉండేది కింద కాదు, అన్నిటికన్నా పై అంతస్తులో!

కెన్యా తీరాన హిందూ మహాసముద్రంలో ఉన్న చిన్న దీవి లామూ. నైరోబీ నుంచి విమానమెక్కితే పక్కనున్న మండా దీవిలో దిగాలి. అక్కణ్నుంచి పడవ. తూర్పు ఆఫ్రికాలోని పాత స్వాహిలీ పట్నాల్లో ఇంత పదిలంగా మిగిలింది ఇదేనంటూ యునెస్కో 2001లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. సందుల్లో కార్లు పట్టవు. ఇసుకైనా, సున్నమైనా గాడిదలే మోస్తాయి.

ఇళ్ల గోడలు పగడపు రాతివి, మూరెడు మందం. కప్పుకి దూలాలుగా మడచెట్ల కర్రలు వేస్తారు. వాటి పేరు 'బోరితి'. బరువు మోయగల కర్ర అంతకన్నా పొడుగు దొరకదు కాబట్టి గది ఎంత పొడవున్నా వెడల్పు మాత్రం మూడు మీటర్లు దాటడం అరుదు. అంటే ఇంటికి కొలతలిచ్చింది మేస్త్రీ కాదు, మడచెట్టు!

వంటిల్లు పైకెందుకు ఎక్కిందంటే... పొగ. కొబ్బరాకుల కప్పు కింద, గాలాడేచోట వండితే పొగ అటునుంచి అటే పోతుంది. మన వాస్తు ఆగ్నేయం అంటే, లామూవాళ్లు ఆకాశం అన్నారన్నమాట. అక్కడ మనవాళ్లు చూడగానే గుర్తుపట్టే వస్తువొకటుంది. చిన్న మడతపీట, దాని ముందుకి పొడుచుకొచ్చిన పళ్ల ఇనుప నాలుక. అవును, కొబ్బరి కోరామే! పేరు 'మ్బూజి'. స్వాహిలీలో ఆ మాటకి మేక అని అర్థం.

మరి ఇలాంటి చోటికి గ్యాస్ పొయ్యి, ఫ్రిజ్, గ్రానైట్ గట్టు రావాలంటే? తొమ్మిదడుగుల గదిలో రెండువైపులా రెండేసి అడుగుల అల్మరాలు పెడితే మధ్య మిగిలేది అయిదడుగులే. ఇద్దరు తిరగొచ్చు, ముగ్గురైతే ఒకరు పక్కకి తప్పుకోవాలి. గ్రానైట్ బరువు గది నడుమ పడితే కింది కర్రలు వంగుతాయి. అందుకే గట్టు గోడకి ఆనించి కట్టాలి. అన్నిటికన్నా ప్రమాదం, చూడ్డానికి అమాయకంగా కనిపించే సింక్. పైపు కొద్దిగా కారినా తడి సున్నపు నేలలోకి దిగి, గోడలో దాగిన బోరితి కొసల్ని కుళ్లబెడుతుంది. అది బయటపడేసరికి కింది గది కప్పు కుంగి ఉంటుంది. పోనీ సిమెంటు పూస్తే? పగడపు గోడ ఊపిరాడక లోపల తేమ పట్టేస్తుంది. సున్నమే దానికి సరిపడే మందు. పైగా పాత పట్నం జాతీయ కట్టడం కావడంతో మార్పులకి అనుమతి తీసుకోవాలి. అది చాలామందికి విసుగే. కానీ ఆ విసుగు లేకపోతే లామూ ఎప్పుడో మామూలు ఊరైపోయేది.

ఇక చెక్కపని. స్వాహిలీ తీరపు తలుపులంటే ప్రపంచమంతా మోజు. ఆ మోజు వల్లే ఎన్నో పాత తలుపులు ఇళ్లు వదిలి సముద్రం దాటిపోయాయి కూడా. తామరపూలు, గొలుసులు, చేపలు, అలలు... ఉలితో ఒక్కొక్కటీ తొలుస్తారు. ఇందులో మనదేశం వాటా ఉంది. ఈశాన్య గాలుల కాలంలో గుజరాత్ నుంచి తెరచాప ఓడలు ఈ తీరానికి వచ్చేవి. జాంజిబార్‌లో పైన కమానూ, ఒంటినిండా ఇత్తడి బొడిపెలూ ఉన్న తలుపుల్లో ఆ చుట్టరికం ఇప్పటికీ కనబడుతుంది.

అదే పనిని వంటింటి అల్మరాలకి ఎక్కించాలంటే కాస్త నిగ్రహం కావాలి. పొయ్యి పక్కన పువ్వులు చెక్కిస్తే తాలింపు జిడ్డంతా వాటి రేకుల్లోకే! ఆ తర్వాత పాత టూత్‌బ్రష్‌తో కూర్చోవాల్సిందే. కాబట్టి పొయ్యి దగ్గర నున్నటి టేకు పలకలు, చేయి తక్కువ తగిలే పై అరలకి గొలుసు అంచు, గాలికోసం జాలీ... ఇంత చాలు. ఉప్పుగాలికి ఇనుప బందులు తుప్పుపడతాయి కనక ఇత్తడివి వాడటం మేలు. సున్నపు గోడలోనే మలిచే 'జిదాకా' గూళ్లలో ఒకప్పుడు పింగాణీ పాత్రలు మెరిసేవి. ఇప్పుడు అలాంటి వరసొకటి వంటింట్లో కట్టుకుంటే లవంగాలూ యాలకుల సీసాలూ చక్కగా ఇముడుతాయి. చెక్క అర కొనే పనే లేదు.

ఇంతా అయ్యాక మెట్లు ఒప్పుకోకపోతే ఫ్రిజ్ కిందే ఉండిపోతుంది. పాలు కావాలంటే ఇంట్లో ఎవరో ఒకరు దిగాలి. ఎవరన్నది మాత్రం ప్రతి పూటా తగువే!