హామ్లెట్ గారి వసూళ్లు!

కోపెన్‌హాగన్‌లో రైలెక్కి ముప్పావుగంటలో హెల్సింగోర్‌లో దిగాను. షేక్‌స్పియర్ ‘ఎల్సినోర్’ అన్నది ఈ రేవునే! ఎదురుగా నాలుగు కిలోమీటర్ల సముద్రం, అవతల స్వీడన్. ఈ ఇరుకుదారిన పోయే ఓడల దగ్గర డెన్మార్క్ రాజులు 1429 నుంచీ సుంకం గుంజారు. ఆ సొమ్ముతో లేచిందే క్రోన్‌బోర్గ్ కోట.

నిజానికి హామ్లెట్ ఈ కోటలో ఉన్నవాడు కాదు. పాత కథల్లో అతను జట్లండ్ రాకుమారుడు. అయితేనేం? 1937లో లారెన్స్ ఆలివియర్, వివియన్ లీ ఇక్కడికే వచ్చి ఆ నాటకం ఆడారు. తొలిరాత్రి వాన దంచేస్తే కోట వదిలి హోటల్ హాల్లో ఆడేశారట!

కోట నేలమాళిగలో వీరుడు హోల్గర్ డాన్‌స్కే విగ్రహం కూర్చునే నిద్రపోతోంది. దేశానికి ఆపదొస్తే లేస్తాడట.

ఓడల సుంకం 1857లో రద్దయింది. హామ్లెట్ వసూళ్లు మాత్రం ఆగలేదు. నేనూ టిక్కెట్టు కొన్నానుగా మరి!